సగం దారిలో నిప్పు

మద్రాసు నుంచి బెజవాడకు రైలు దారి 431 కిలోమీటర్లు. అందులో బిట్రగుంట సుమారు 210వ కిలోమీటరు దగ్గర తగులుతుంది. ఇటు నుంచి లెక్కపెట్టినా అటు నుంచి లెక్కపెట్టినా దాదాపు సగం దారి. నెల్లూరుకూ కావలికీ నడుమ, ఉప్పుగాలి తగిలేంత దూరంలో ఉన్న ఈ ఊరికి గనుల్లేవు, పెద్ద రేవు లేదు, పేరున్న సంతా లేదు. అయినా ఒకప్పుడు దక్షిణాది రైల్వే ఉద్యోగుల్లో ఈ పేరు వినని మనిషి అరుదు. లోకోషెడ్డు, యార్డు, వరసలు తీరిన క్వార్టర్లు, ఆంగ్లో ఇండియన్ల ఇళ్లు, గంటల ప్రకారం బతికే వీధులు, ఇదంతా ఆ ‘సగం’ అన్న లెక్క మీదే నిలబడింది.

ఆ లెక్క ఇంజను పొయ్యికి సంబంధించినది.

అది అర్థం కావాలంటే ముందు కదలకుండా నిలబడి ఉండే యంత్రం సంగతి చూడాలి. ఈ రోజు నెల్లూరు జిల్లాలో ఒక రైస్‌మిల్లు యజమాని ఊరి నడుమ ఇరుకు స్థలం వదిలి హైవే పక్కకు మిల్లు మార్చుకోవాలనుకుంటే, పునాది తియ్యకముందే కరెంటాఫీసు మెట్లెక్కుతాడు. పాత సర్వీసు నంబరు మిల్లు వెంట రాదు, అది ఆ స్థలానిది. అక్కడ చివరి రీడింగు తీయించి, బకాయిలు కట్టి, కొత్త చోట కొత్త సర్వీసుకు దరఖాస్తు పెట్టాలి. ఎన్ని హార్స్‌పవర్ల లోడు, దగ్గర్లో ఏ లైను పోతోంది, ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందా, కొత్తది వేయాలా, ఎస్టిమేటు ఎంత, డిపాజిట్టు ఎంత అన్నవి తేలేదాకా మోటారు బిగించి కూడా లాభం లేదు. యంత్రాలను లారీకెత్తి ఒక్క రాత్రిలో తెచ్చుకోవచ్చు. కరెంటు మాత్రం స్తంభాల వెంట, కాగితాల వెంట, దాని నడకతో అది వస్తుంది.

రైల్వే వ్యాపారం ఇంకో తీరు. రోజూ చోటు మారడమే దాని పని. నిలబడి ఉండే మిల్లుకే శక్తి సంగతి అంత తలనొప్పి అయితే, పొయ్యిని నెత్తిన పెట్టుకుని వందల మైళ్లు పరుగెత్తే ఇంజనుకు ఎన్ని ఏర్పాట్లు కావాలి? బిట్రగుంట చరిత్ర ఆ ఏర్పాట్ల చరిత్రే.

దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా నడిచింది. అప్పటికి మద్రాసు రాజధానిలో చెప్పుకోదగ్గ బొగ్గు గని లేదు. ఇంగ్లండు బొగ్గు ఓడల మీద రావాలి, దాని ధర దొరలకు కూడా బరువే. అందుకని మద్రాసు రైల్వే చాలాకాలం కట్టెల మీదే నడిచింది. దారి పక్క అడవులు పొయ్యిల్లోకి పోయాయి. అడవుల శాఖ గట్టిపడడానికీ, తీరం వెంట ఇసుక నేలల్లో సరుగుడు తోటలు పెరగడానికీ రైలింజను ఆకలి ఒక ముఖ్య కారణం. నెల్లూరు తీరానికి ఈ కట్టెల వ్యాపారం కొత్తేమీ కాదు. శ్రీహరికోట అడవి కట్టెలు బకింగ్‌హాం కాలవలో పడవలెక్కి చెన్నపట్నం చేరేవి. 1876-78 నాటి ధాత కరువులో కూలి కోసం వచ్చిన జనం చేత తవ్వించి పూర్తి చేయించిన భాగం కూడా ఆ కాలవలో ఉంది. ఆకలితో ఉన్నవాళ్లు తవ్విన కాలవలోంచి పట్నం పొయ్యిలకు కట్టెలు పోవడం ఈ తీరం చరిత్రలో మరిచిపోకూడని సంగతి.

ఈలోగా ఉత్తరాన మరో నిప్పు బయటపడింది. భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. అదే ఏడు నిజాం రైలు బెజవాడ దాకా వచ్చింది. గనికీ కృష్ణ ఒడ్డుకూ పట్టాలు కలిశాయన్నమాట. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు తీరం వెంట దారి కలిసేసరికి, ఆ దారిన నడిచే ఇంజన్లకు ఇల్లందు నుంచి వచ్చే సింగరేణి బొగ్గు సిద్ధంగా ఉంది. ఆ సమయం కుదరడమే బిట్రగుంటకు కలిసొచ్చింది. ఒక ఇరవై ఏళ్ల ముందు ఈ లైను పడి ఉంటే ఇక్కడి షెడ్డు పక్కన బొగ్గు గుట్టకు బదులు కట్టెల అడితి ఉండేది.

అయితే బొగ్గు దొరికినంత మాత్రాన సగం దారిలో ఒక ఊరు ఎందుకు కావాలి? టెండరు నిండా బొగ్గు పోసుకుని మద్రాసు నుంచి బెజవాడకు ఒకే పరుగు తీయకూడదా?

తీయలేదు, తీసే వీలూ లేదు. తర్వాతి కాలంలో సరుకు రైళ్లు లాగిన డబ్ల్యూజీ రకం ఇంజనునే తీసుకుందాం. దాని టెండరులో సుమారు 18 టన్నుల బొగ్గు, 25 వేల లీటర్ల నీళ్లు పట్టేవి. వినడానికి చాలా ఎక్కువ. కానీ నీళ్లు బొగ్గు కంటే ముందే అయిపోతాయి, దారిలో పెద్ద స్టేషన్ల దగ్గర నీటి క్రేను కింద ఆగి నింపుకోవాలి. ఇక బొగ్గు కాలిన కొద్దీ పొయ్యి అడుగున బూడిద పేరుకుంటుంది, కరిగిన మలినం చిట్టెం కట్టి గ్రేటును మూసేస్తుంది. గాలి ఆడదు, మంట చల్లబడుతుంది, స్టీము పడిపోతుంది. బాయిలరు గొట్టాల్లో మసి చేరుతుంది. అన్నిటికీ మించి, ఆ పొయ్యి ముందు పార పట్టుకుని నిలబడ్డ మనిషికి ఒక హద్దు ఉంది. రెండు వందల కిలోమీటర్లు దాటేసరికి ఇంజనూ అలిసేది, మనిషీ అలిసేవాడు. అక్కడ బండికి తాజా ఇంజను తగిలించాలి, తాజా మనుషులు ఎక్కాలి. ఆ ‘అక్కడ’ పేరు బిట్రగుంట.

పేరులో ఉన్న గుంట నీటి గుంటే. ఊరి పేరే ఇంజను అడిగేదాన్ని చెబుతున్నట్టుంటుంది. బాయిలరుకు పనికొచ్చే నీళ్లు దొరకడం తీరప్రాంతంలో చిన్న విషయం కాదు. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తే బాయిలరు లోపల పొలుసు గట్టి గొట్టాలు చెడతాయి. అందుకే షెడ్డులో బాయిలరు కడగడం ఒక పెద్ద పని. నిప్పు దించి, చల్లారనిచ్చి, బిరడాలు తీసి, గట్టిగా నీళ్లు కొట్టి పొలుసు రాలగొట్టేవాళ్లు. ఇంజను బాగా నడిచిందంటే ఆ ఘనత డ్రైవరుతో పాటు, బయటివాళ్లెవరూ పేరు అడగని ఆ వాషవుట్ మనుషులది కూడా.

గుండ్రటి షెడ్డు ఊరికి గుర్తుగా మిగిలింది. నడుమ టర్న్‌టేబుల్, దాని చుట్టూ బండి చక్రం ఆకుల్లా పట్టాలు, ఒక్కో పట్టా మీద ఒక్కో ఇంజను. ఆవిరి ఇంజనుకు ముందూ వెనకా ఉంటాయి. మద్రాసు నుంచి వచ్చినదాన్ని తిరిగి మద్రాసు వైపు పంపాలంటే మొహం తిప్పాలి. బల్ల మీదికెక్కించి తిప్పితే, వంద టన్నులు దాటిన ఇనుము గానుగెద్దులా నిదానంగా తిరిగేది.

చల్లారిన ఇంజనును మళ్లీ వెలిగించడం గంటల పని. నూనె తుడిచిన దూది పీచు, కట్టె ముక్కలు, ఆపైన సన్నబొగ్గు. లేదా పక్క ఇంజను పొయ్యిలోంచి పార నిండా నిప్పులు తెచ్చి పోయడం. పల్లెల్లో ఇరుగింటి నుంచి నిప్పు తెచ్చుకున్నట్టే. బాయిలరులో నీళ్లు మెల్లగా వేడెక్కాలి, తొందరపడితే ఇనుము పగులుతుంది. ముల్లు కదిలి, డబ్ల్యూజీ అయితే చదరపు అంగుళానికి 210 పౌన్ల ఒత్తిడి చేరేదాకా ఆగాలి. ఈ ఆలస్యం వల్లే షెడ్డు ఎప్పుడూ నిద్రపోయేది కాదు. కొన్ని ఇంజన్లను నిప్పు అణచి, ఆరిపోనివ్వకుండా, పిలిస్తే పలికేటట్టు ఉంచేవాళ్లు.

ఇంజన్లను అలా ఉంచితే, మనుషులను పిలిచే పని కాల్‌బాయ్‌ది. బండి బయల్దేరే వేళకు రెండు గంటల ముందు, అర్ధరాత్రి అయినా వాన అయినా, చేతిలో లాంతరు, చంకలో కాల్ పుస్తకం పెట్టుకుని క్వార్టర్ల వెంట పోయేవాడు. తలుపు కొట్టి పేరు పిలిచేవాడు. లోపలి మనిషి లేచి వచ్చి, లాంతరు వెలుగులో పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డాక ఇల్లాలు పొయ్యి రాజేసి క్యారేజీ కట్టేది. ఇంట్లో ఒక పొయ్యి, షెడ్డులో ఒక పొయ్యి, రెండూ ఒకే టైముకు అంటుకునేవి. ఇలాంటి రాత్రులు ఏళ్ల తరబడి గడిచిన ఊళ్లో నిద్రకు కూడా టైంటేబుల్ ఉంటుంది.

పనిలో చేరేవాడు ముందు క్లీనర్. మసి తుడిచి, చమురు రాసి, ఇంజను ఒళ్లంతా చేత్తో తెలుసుకున్నాక ఫైర్‌మన్. ఆపైన షంటరు, ఆపైన డ్రైవరు. ఫైర్‌మన్ విద్య పుస్తకంలో దొరకదు. బొగ్గు కుప్పగా పోస్తే మంట చస్తుంది, పల్చగా, సమంగా, మూలలకు కాస్త ఎక్కువగా విసరాలి. పొగగొట్టం నుంచి నల్లటి పొగ లేస్తే బొగ్గు వృథా అవుతోందని అర్థం, లేత బూడిద రంగులో ఉంటే పని తెలిసినవాడు పార పట్టాడని అర్థం. ఒక కన్ను మంట మీద, ఒక కన్ను నీటి మట్టం చూపే గాజు గొట్టం మీద. నీళ్లు మరీ దిగితే పొయ్యి పైకప్పులో ఉన్న సీసం బిరడా కరిగి, ఆవిరి పొయ్యిలోకి దూకి నిప్పును ఆర్పేస్తుంది. బాయిలరు పేలకుండా కాపాడే ఏర్పాటు అది. కానీ బిరడా కరిగించుకున్నవాడి ఉద్యోగం చిక్కుల్లో పడినట్టే.

కంపెనీల పేర్లు మారాయి. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి ఎం అండ్ ఎస్ఎం అయ్యాయి. 1944లో అది ప్రభుత్వం చేతికొచ్చింది, 1951లో సదరన్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టినప్పుడు బిట్రగుంట విజయవాడ డివిజన్‌తో పాటు అందులోకి వచ్చింది. బోర్డుల మీద అక్షరాలు మారినా షెడ్డులో పని అదే, నిప్పు అదే.

నిప్పు మారింది 1980లో.

ఆవిరి ఇంజను బొగ్గులోని శక్తిలో నూటికి ఆరేడు పాళ్లే చక్రం దాకా చేరుస్తుంది. మిగతాదంతా పొగ, వేడి. పైగా ఇంజన్ల కోసం బొగ్గును మోసే బండ్లు కూడా బొగ్గే తినాలి. 1973లో చమురు ధరలు మండిపోవడంతో డీజిలును నమ్ముకోవడమూ భయమే అయింది. రైల్వే కరెంటు తీగల వైపు గట్టిగా మొగ్గింది. విజయవాడ–మద్రాసు మార్గం 1980 నాటికి విద్యుదీకరణ అయింది. విజయవాడలో ఎలక్ట్రిక్ లోకోషెడ్డు అదే ఏడు వచ్చింది. అక్కడికి కాస్త దూరంలో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం మొదటి 210 మెగావాట్ల యూనిట్ 1979లో, రెండోది 1980లో పని మొదలుపెట్టాయి. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే బిట్రగుంటకు ఏం జరిగిందో తెలుస్తుంది. బొగ్గు పోలేదు. కాలే చోటు మారింది. పొయ్యి ఇంజను మీంచి దిగి కృష్ణ ఒడ్డుకు చేరింది, అక్కడి నుంచి శక్తి తీగ మీద నడవడం మొదలుపెట్టింది.

రైల్వే కూడా రైస్‌మిల్లు యజమానిలాగే ఇప్పుడు విద్యుత్తు సంస్థ దగ్గర కనెక్షను తీసుకునే వినియోగదారు. ఆ సంస్థ 132 కిలోవోల్టుల లైను తెచ్చి ట్రాక్షన్ సబ్‌స్టేషనుకు అందిస్తుంది. అక్కడ దాన్ని 25 కిలోవోల్టులకు దించి పట్టాల మీది తీగలోకి వదులుతారు. నలభై యాభై కిలోమీటర్లకొక సబ్‌స్టేషను ఉంటే చాలు. దాన్ని చూసుకోవడానికి వేళ్ల మీద లెక్కపెట్టే మనుషులు సరిపోతారు. బూడిద ఎత్తేవాళ్లు అక్కర్లేదు, నీటి క్రేను అక్కర్లేదు, మొహం తిప్పే బల్ల అక్కర్లేదు, ఎలక్ట్రిక్ ఇంజనుకు రెండు పక్కలా మొహమే. మద్రాసులో తగిలించిన ఇంజను బెజవాడ దాకా, ఆ మాటకొస్తే అది దాటి కూడా ఆగకుండా పోగలదు. సగం దారి అన్న మాటకు అర్థం లేకుండా పోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ తీరం తుఫానుల తీరం. 1977లో, 1979లో వచ్చిన తుఫానుల దెబ్బ నెల్లూరు, ప్రకాశం జిల్లాల పెద్దవాళ్లకు ఇంకా గుర్తు. బొగ్గు గుట్ట పక్కనున్న ఇంజనుకు ఎక్కడో స్తంభం కూలినా సంబంధం లేదు. తీగ మీద బతికే ఇంజనుకు ఆ స్తంభమే ప్రాణం. ఉప్పుగాలికి ఇన్సులేటర్ల మీద పొర కడితే దాన్నీ తుడుస్తూ ఉండాలి. కరెంటు మార్గాల్లో కూడా రైల్వే డీజిల్ ఇంజన్లను దగ్గర్లో ఉంచుకోవడం ఇందుకే. పాత ఏర్పాటు వృథాతో నిండినదే, కానీ దాని కాళ్ల మీద అది నిలబడేది.

సరిగ్గా ఇలాంటి ఊరినే అమెరికాలో ఒక సామాజిక శాస్త్రవేత్త ముందే చూశాడు. ఫ్రెడ్ కాట్రెల్ 1951లో ఒక ఎడారి రైల్వే పట్టణం మీద వ్యాసం రాశాడు. ఆవిరి ఇంజన్లకు నీళ్లు, నిప్పు అందించడానికే పుట్టిన ఆ ఊరు డీజిల్ రాగానే ఎలా ఖాళీ అయిందో అందులో చూపించాడు. అతను గమనించిన విషయం మనసును మెలిపెడుతుంది: ఊరిని నమ్మి ఇల్లు కట్టుకున్నవాళ్లు, సీనియారిటీ కోసం కదలకుండా ఉన్నవాళ్లు, బడికీ గుడికీ చందాలిచ్చినవాళ్లే ఎక్కువ నష్టపోయారు. మూటాముల్లె సర్దుకుని తిరిగేవాడికి పెద్దగా పోయిందేమీ లేదు. బిట్రగుంట సంగతి అంత నిర్దయగా ముగియలేదు. ఇది సర్కారు రైల్వే, ఉద్యోగాలు ఊడలేదు, బదిలీలు వచ్చాయి. కానీ పార విద్యలో ముప్పై ఏళ్లు పండిన చెయ్యికి స్విచ్చుల డబ్బా ముందు ఏం విలువ? కుర్రవాళ్లు శిక్షణ తీసుకుని ఎలక్ట్రిక్ ఇంజన్లెక్కారు. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. షెడ్డు చుట్టూ బతికిన టీ కొట్లు, చాకలి, పాలవాడు, క్యారేజీలు మోసిన కుర్రాడు, వీళ్లెవరికీ బదిలీ ఉత్తర్వులు రాలేదు. శక్తి ఏర్పాటు మారేటప్పుడు లెక్కల్లో బొగ్గు టన్నులు, కరెంటు యూనిట్లు రాసుకున్నారు గానీ వీళ్లకు ఒక గడి కూడా గీయలేదు. ఆ తప్పును ఇప్పటికైనా తప్పు అనే చెప్పుకోవాలి.

ఇలాంటి ఆవిరి షెడ్ల ఊళ్లలోనే కాజీపేటకు తర్వాత డీజిల్, ఎలక్ట్రిక్ షెడ్లు దక్కాయి. గుత్తికి డీజిల్ షెడ్డు దక్కింది. నిప్పు మారినా ఆ ఊళ్లలో పని మిగిలింది. బిట్రగుంటకు ఆ యోగం పట్టలేదు. పాత షెడ్డు చుట్టూ పడివున్న రైల్వే నేలలో ఏదైనా పరిశ్రమ, కోచ్‌లదో వ్యాగన్లదో, పెట్టండని ఊరివాళ్లు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఆ కోరిక గాలిలో మేడ కాదు. నేల ఉంది, పట్టాలు ఉన్నాయి, పనితనం తెలిసిన కుటుంబాలున్నాయి. కరెంటు సంగతంటారా, 2014-15 నాటికి జిల్లాలోనే కృష్ణపట్నం దగ్గర నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం 800 మెగావాట్ల యూనిట్లు రెండు లేచాయి. ఒకప్పుడు ఇల్లందు బొగ్గు కోసం ఎదురుచూసిన తీరం ఇప్పుడు రాష్ట్రానికి కరెంటు పంపుతోంది. కావలికి ఉత్తరాన రామాయపట్నం పోర్టు పనులకు 2022 జూలైలో శంకుస్థాపన జరిగింది. బిట్రగుంట ఉన్న బోగోలు మండలంలోనే జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బరు కట్టారు. చేప ఒడ్డుకు చేరిన గంట నుంచి ఐసు కావాలి, ఐసంటే కరెంటు. కొత్తగా వచ్చే ప్రతి షెడ్డూ మళ్లీ అదే ప్రశ్నతో మొదలవుతుంది, దగ్గర్లో ఏ లైను పోతోంది అని.

తెల్లవారకముందే మద్రాసుకు ఒక బండి ఇప్పటికీ బిట్రగుంటలోనే పుడుతుంది. పాత రోజుల్లో ఆ వేళకు బండి లాగాలంటే ముందు రాత్రే పొయ్యి వెలగాలి, కాల్‌బాయ్ తలుపులు కొట్టాలి. ఇప్పుడు డ్రైవరు ఇంజనెక్కి పాంటోగ్రాఫ్ లేపితే అది తీగను తాకుతుంది, కొద్ది నిమిషాల్లో ఇంజను సిద్ధం. కూరగాయలు అమ్మేవాళ్లు, పట్నంలో పనిచేసేవాళ్లు, ఆసుపత్రికి పోయేవాళ్లు సర్దుకుని కూర్చునేలోపే బండి యార్డు దాటి, అల్లూరు రోడ్డు వైపు చీకట్లోకి పోతుంది. ఒకప్పుడు ఫైర్‌మన్ మొదటి మంటను సరిచేసుకుని, నుదుటి చెమట తుడుచుకుని, గాజు గొట్టం వైపు చూసుకునే చోటు అదే.